తిరగేసి చూడు మామా: నెల్లూరు నుంచి ఒంగోలు దాకా నాలుగు రోజులు

మా అక్క కూతురు హైదరాబాదులో డిజైన్ చదువుతోంది. సెలవులకి ఇంటికొస్తూ ఒక హోంవర్కు మోసుకొచ్చింది. ఈ వేసవిలో కనీసం నాలుగు ఆర్ట్, డిజైన్ ప్రదర్శనలు చూసి, అక్కడ వస్తువుని జనానికి ఎలా చూపిస్తున్నారో రాసుకు రావాలట. పాప రాసుకున్న లిస్టంతా మద్రాసే: ఎగ్మోర్ మ్యూజియం, చోళమండలంలో ఆర్టిస్టుల ఊరు, ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్ర. నెల్లూరోళ్లకి మద్రాసు పెద్ద దూరమేం కాదు, పొద్దున రైలెక్కితే రాత్రికి ఇంట్లో ఉండొచ్చు. కానీ మా అక్కకి ఒకటే టెన్షన్, ఆ ఎండకీ ఆ ఉక్కకీ పిల్ల ఎక్కడ పడిపోతుందోనని. "మనూళ్లోనే ఎగ్జిబిషన్ పెట్టారు గదా, అది చూసి రాసుకో పో" అనేసింది.

పాప మొహం చూస్తే నాకే జాలేసింది. నాది ఫ్లెక్సీలు వేసే షాపు. మామూలుగా మే నెలంటే పెళ్లిళ్ల ఆర్డర్లతో ఊపిరాడదు, ఈసారి సరిగ్గా అప్పుడే మిషన్ హెడ్ పోయింది, మెకానిక్ వారం దాకా రానన్నాడు. సరే, కారు తీస్తా, మన చుట్టుపక్కలే నాలుగు చోట్ల చూసొద్దాం, మీ కాలేజీ వాళ్లు వాటిని ప్రదర్శనలంటారో అనరో నువ్వే తేల్చుకో అన్నా. అక్క కూడా ఎక్కింది. దారిలో చీరలున్నాయని తెలిశాక ఎక్కకుండా ఎలా ఉంటుంది.

మే 14, బుధవారం: నెల్లూరు

కొచ్చి బినాలే లాంటి పెద్ద ఆర్ట్ ప్రదర్శనలు చలికాలంలో పెట్టుకుంటారు. ఎండాకాలంలో మనకి మిగిలేది జెయింట్ వీల్ ఉన్న ఎగ్జిబిషనే. మనిషికి 50 టికెట్టు, కారుకి 40. ఏడు దాటినా నేల ఇంకా సెగలు కక్కుతోంది. నా కంటికి ముందు ఆనేది ఎప్పుడూ అక్షరాలే, వృత్తి దోషం. గేటు మీద ఎర్రక్షరాలు, వాటికి పసుపు అంచు, దాని చుట్టూ మళ్లీ నల్ల అంచు, వెనక మెరుపులు. నాకు తెలిసినోడు వేసిందే. పాపకి చెప్పలేదు.

ముందంతా ప్లాస్టిక్ డబ్బాలు, దుప్పట్లు, ఏదైనా ముప్పై రూపాయల కొట్లు. చేనేతలు, హస్తకళలు చిట్టచివరి వరసలో, జనరేటర్ పక్కన. అక్క అక్కడో స్టాల్లో 900 పెట్టి కలంకారి చీర తీసేసుకుంది. పాప దాన్ని అందుకుని లోపలి వైపుకి తిప్పింది. తెల్లగా ఉంది, ముందువైపు నెమళ్లు వెనక వైపుకి కొంచెం కూడా దిగలేదు. "తిరగేసి చూడు మామా" అంది. శ్రీకాళహస్తి వాళ్లు గుడ్డని కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెట్టి, బెల్లమూ తుప్పు ఇనుమూ ఊరబెట్టిన నల్లరంగుతో వెదురు కలం పెట్టి గీస్తారట. అట్టాంటి రంగు నూలులోకి ఇంకుతుంది. పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు, అదో పద్ధతి. ఇది రెండూ కాదు, మిషన్ మీద కొట్టిన ప్రింటు. కొట్టతన్ని అడిగితే కొంచెం కూడా తడబడలేదు. "కలంకారి డిజైన్ అని చెప్పా మేడం, కలంకారి అని ఎప్పుడు చెప్పా?" ఫ్లెక్సీలో నెమలి బొమ్మేసి బతికేవాణ్ణి నేను, ఏం అంటాను. చీర వాపసు తీసుకోలేదు, దిండు కవర్లకి మార్చుకొచ్చాం.

రెండు స్టాళ్ల అవతల ఒక పెద్దాయన వెంకటగిరి చీరలు పెట్టుకున్నాడు. 2022లో జిల్లాలు విడగొట్టాక వెంకటగిరి తిరుపతి వైపు పోయింది గానీ, నెల్లూరోళ్ల నోట్లో అది ఇంకా మాదే. ఆయన్ని మేం అడగనే లేదు, నేతలోనే పువ్వులు వేసే జాంధానీ బుటా ఉన్న కొంగుని తనే ఎత్తి పట్టి అటూ ఇటూ తిప్పి చూపించాడు. ఏది ముందో ఏది వెనకో పోల్చుకోవడం కష్టం. 14,000. అక్క చీరని ఒడిలో పెట్టుకుని నిమిషంసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత మడత చెడకుండా తిరిగి ఇచ్చేసింది.

ఆ వరస చివర నేల మీద గోనెపట్టా పరిచి ఒకతను ఉదయగిరి చెక్క గరిటెలు పెట్టుకున్నాడు. పేరు లేదు, బోర్డు లేదు, పైన లైటు కూడా లేదు. నాలుగు చెంచాల సెట్టు 250 అన్నాడు, బేరమాడి 180కి తెచ్చా. గొప్పగా అనిపించింది అప్పుడు.

ఢిల్లీ అప్పడం 70, పళ్లెమంత ఉంది, సగం నూనె. అది చాలక బయటికొచ్చాక బండి దగ్గర కారం దోశలు తిన్నాం. ఎర్రకారం పూసి, వెన్న వేసి, పెనం మీదే ముక్కలు చేసి ఇస్తాడు. పాప కళ్లలో నీళ్లు, అయినా రెండోది చెప్పింది.

మే 15, గురువారం: పాటూరు

పెన్నా దాటి కోవూరు వైపు తిరిగితే పాటూరు ఎంతో దూరం ఉండదు. ఊళ్లోకి రాగానే కారు అద్దాలు దించమంది పాప. మగ్గాల చప్పుడు ఇంటింటికీ ఒక్కో రకంగా వస్తోంది, ఒకచోట చకచకా, ఒకచోట ఆగి ఆగి.

మేం వెళ్లిన ఇంట్లో గుంట మగ్గం. వాకిట్లో నిలబడి చూస్తామని అడిగితే, "చూడ్డానికేముంది, రండి" అని ఆ ఇంటావిడ చాప వేసింది. ఆయన గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు. బయట నలభై డిగ్రీల ఎండ, ఆ గుంటలో మాత్రం చల్లగా ఉంటుందట. నేలలో తేమ పడుగుకి కూడా మంచిదట, నూలు ఎండిపోతే పుటుక్కున తెగుతుంది. మేం కూర్చున్న అరగంటలో మూడు పోగులు తెగాయి. తెగినప్పుడల్లా ఆయన పోగుని అటూ ఇటూ మోసే నాడె పక్కన పెట్టి, తెగిన కొసని వేళ్లతోనే వెతుక్కుని, బొటనవేలితో ఇట్టే మెలిపెట్టి అతికించేవాడు. ముడి కూడా కాదు అది. నేను కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూసినా ఎక్కడ అతికిందో కనిపించలేదు.

పాపకి నచ్చింది వేరే. మగ్గం మీద జరీ పోగులు పైకి లేచి, చిందరవందరగా, చీర ఏదో తప్పు నేసినట్టుంది. అడిగితే ఆయన నవ్వి, "మాకు కనబడేది వెనకేనమ్మా. ముందు మీకు" అన్నాడు. చీరకి ముందు వైపు కిందికి ఉంటుంది, తెంపి మగ్గం మీద నుంచి తీశాకే పూర్తిగా చూస్తాడట. పాప అది అప్పటికప్పుడు పుస్తకంలో రాసుకుంది. తర్వాత కూడా తీసి మళ్లీ చదువుకుంది.

అక్క ఒక చీర తీసుకుంది, 2,600. బేరం ఆడబోతే పాప మోచేత్తో పొడిచింది. మజ్జిగ ఇచ్చారు, కరివేపాకు దంచి వేసిన మజ్జిగ, ఇత్తడి చెంబుతో. కరెంటు పోయింది, మగ్గానికేం తేడా రాలేదు.

బుచ్చిరెడ్డిపాళెంలో మెస్సులో భోజనం. మనిషికి 180, కొరమీను పులుసు, మామిడికాయ ముక్కలు వేసి. నిన్న రాత్రి పెట్టిన పులుసని మెస్సు ఆయన దాచకుండా చెప్పాడు, చేపల పులుసు విషయంలో అది తప్పు ఒప్పుకోవడం కాదు, గొప్ప చెప్పుకోవడం.

మే 15 సాయంత్రం, 16 పొద్దున: ఉదయగిరి

సంగం, ఆత్మకూరు దాటాక పచ్చదనం పల్చబడిపోతుంది. ఉదయగిరి కొండ చాలా ముందు నుంచే కనిపిస్తుంది, ఊరు మాత్రం దగ్గరికి పోతే గానీ కనిపించదు. సముద్రమట్టానికి మూడు వేల అడుగుల పైనున్న కోట. ఎక్కలేదు. మే నెలలో ఉదయగిరి దుర్గం ఎక్కుదామంటే లాడ్జి కుర్రాడే నవ్వాడు.

కింద నిలబడే ఆ కథ పాపకి చెప్పా. ఒడిశా గజపతి రాజుల చేతిలో ఉన్న ఈ కోటని కృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి, దాదాపు ఏడాదిన్నర పట్టుబట్టి కూర్చుని గెలిచాడు. గెలిచాక ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి, అక్కడ కృష్ణాలయం కట్టించి అందులో పెట్టాడు. ఇప్పుడా విగ్రహం మద్రాసు ఎగ్మోర్ మ్యూజియంలో ఉంది. "అంటే నేను చూడాలనుకున్న మ్యూజియంలోదేనా?" అంది పాప. అదే. స్కూల్లో ఉన్నప్పుడు నేనూ ఆ మ్యూజియానికి పోయినోణ్ణే. అన్ని రాతి విగ్రహాల మధ్య అది మనూరిదని చెప్పేవాళ్లు పక్కన లేరు, నా ధ్యాసంతా తిమింగలం ఎముకల మీదే ఉంది.

లాడ్జి 900, ఫ్యాను తిరుగుతుంది గానీ గాలి రాదు. ఆ రాత్రి డాబా మీద పడుకున్నాం.

పొద్దున్నే చెక్క పని చేసే ఇంటికి పోయాం. దారి అడిగితే టీ కొట్టతను చూపించాడు, తప్పు సందులోకి పోతే ఇంకొకావిడ చెయ్యి పట్టుకుని తీసుకుపోయినంత పనిచేసింది. వరండాలో ముగ్గురు ఆడవాళ్లు పని చేస్తున్నారు. వాళ్లలో వాళ్లు ఉర్దూ, మాతో అచ్చమైన నెల్లూరు తెలుగు. "యాడ నుంచొచ్చారు? పిలకాయకి ఎండ తగలకుండా ఈ పక్కకి కూర్చోబెట్టండి."

చుట్టుపక్కల కొండల్లో దొరికే నర్ది, బిక్కి, పాలబరిక లాంటి చెక్కలతో చేస్తారు. చెంచాలు, ఫోర్కులు, దువ్వెనలు, అట్లకాడలు. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది ఈ పనికి. కాడల మీద తీగలు, జాలీలు చూస్తే పర్షియా పోకడ ఉందంటారు, పాప ఫోన్లో పాత సమాధుల జాలీ బొమ్మలు తీసి పక్కన పెట్టి చూపించింది, నిజమే, అట్టాగే ఉంది.

పెద్దావిడ ఒక ఫోర్కు పట్టుకుంది. కాలి బొటనవేలికీ రెండో వేలికీ మధ్య ఇరికించి, సన్న రంపంతో పళ్లు కోస్తోంది. మూడో పన్ను కోసేటప్పుడు ఊపిరి బిగబట్టింది, మేమూ బిగబట్టాం. కోత అయ్యాక ఉఫ్ అని పొట్టు ఊది, ఆకురాయితో రెండు వైపులా నాలుగేసి సార్లు రాసింది, ఎక్కువా కాదు తక్కువా కాదు. తర్వాత నాకిచ్చింది. నేను పాప నేర్పినట్టు తిరగేసి చూశా. వెనక వైపు కూడా అంతే నున్నగా ఉంది. "కొత్తగా నేర్చుకునే పిల్లలు ముందు బాగా రుద్దుతారు, వెనక వదిలేస్తారు. నేను ముందు వెనకే చూస్తా" అంది.

జాలీ కాడ ఉన్న గరిటె ఒకటి అడిగా, 320 అంది. చేతికి అలవాటైన పని, నోరు దానంతటదే తెరుచుకుంది. "250 చేసుకో ఆపా" అన్నా, ఆపా అంటే వాళ్ల ఉర్దూలో అక్క.

"అన్నా, ఇంటి కాడ బేరం లేదు. బేరమాడాలంటే ఎగ్జిబిషన్‌కి రా. అక్కడ మేమే డెబ్బై కలిపి చెప్తాం, నువ్వు డెబ్బై తగ్గించుకో, ఇద్దరికీ సంతోషం."

అక్క నవ్విన నవ్వు వీధి చివరి దాకా వినపడి ఉంటుంది. మొన్న నేను గెలిచిన 70 రూపాయలు గుర్తొచ్చాయి. 320 ఇచ్చా, దువ్వెన 150 కూడా ఇచ్చా. వచ్చేటప్పుడు చాయ్ తాగించి పంపారు, చక్కెర ఎక్కువ, యాలక్కాయ ఇంకా ఎక్కువ.

మే 16, శుక్రవారం: భైరవకోన

సీతారామపురం దాటాక ఫోన్ మ్యాప్‌ని నమ్మా. ఎడమకి తిరగమంది, తిరిగా. తారు అయిపోయి మట్టి, మట్టి అయిపోయి గులకరాళ్లు, చివరికి ఒక కందకం ముందు ఆగాం. గొర్రెలు కాసే తాత ఒకాయన చెట్టు కింద కూర్చుని మమ్మల్నే చూస్తున్నాడు. "భైరవకోనకేనా? వారానికో కారు వస్తుంది నాయనా ఇక్కడికి" అన్నాడు తాపీగా. వెనక్కి పోయి రోడ్డెక్కమని చెప్పి, అక్కడికి ముందు ముంజలు తినిపొమ్మన్నాడు. పక్కనే ఆయన మనవడు తాటికాయలు కొడుతున్నాడు. డజను 60. తినేవి తిని, మిగిలినవి కవర్లో కట్టించుకున్నాం. ఆ కవరు భైరవకోనలో కోతి ఎత్తుకుపోయింది, కారు దిగిన రెండు నిమిషాల్లో.

భైరవకోన చంద్రశేఖరపురం మండలంలో ఉంది, మేం పోయేనాటికి అది ప్రకాశం జిల్లా. ఒకే కొండ చరియలో ఎనిమిది గుహాలయాలు, శివుడివి. ఏడు తూర్పు ముఖం, ఒకటి ఉత్తర ముఖం. ఏడు, ఎనిమిది శతాబ్దాల నాటి పని అంటారు, స్తంభాల కింద కూర్చున్న సింహాలు పల్లవుల వాటిని గుర్తుచేస్తాయి. రెండు వందల అడుగుల పైనుంచి పడే జలపాతం మేలో ధారంత సన్నంగా ఉంది, కానీ ఉంది. కుర్రాళ్లు దాని కింద వంతులేసుకుని తలలు పెడుతున్నారు.

చెప్పులు విప్పాక బండ మీద నడవడం నిప్పుల మీద నడకే. గుహలోకి అడుగు పెట్టగానే మాత్రం ఎవరో తడిగుడ్డ కప్పినట్టు చల్లబడింది. పూజారి కార్తీక పౌర్ణమికి రమ్మన్నాడు, ఆ రాత్రి వెన్నెల నేరుగా అమ్మవారి మీద పడుతుందట, ఆ ఒక్కరోజుకి ఊళ్లకి ఊళ్లు తరలివస్తాయట. పాప లైటింగ్ గురించి నాలుగు పేజీలు రాసుకున్నది మొన్న ఎగ్జిబిషన్లో. ఇక్కడ ఒక్క లైనే రాసింది, నేను తొంగిచూశా: ఏడాదికి ఒకసారి వెలిగే దీపం.

నాకు ద్వారపాలకుల దగ్గరే చాలాసేపు పట్టింది. ఒకడు గద మీద ఒరిగి, నడుం కొంచెం వంచి, డ్యూటీ ఎప్పుడైపోతుందా అన్నట్టు నిలబడ్డాడు. చెక్కినవాడికి తప్పు కొట్టేసే వీల్లేదు. నేను ఫ్లెక్సీలో అక్షరం తప్పు పడితే అన్‌డూ కొడతా, చీరలో పోగు తెగితే అతుకుతారు, ఇక్కడ ముక్కు ఎగిరిపోతే దేవుడికి ముక్కు లేనట్టే. పాప గోడ నిమురుతూ, "దీనికి వెనక లేదు మామా" అంది. నిజమే, వెనకంతా కొండే.

రాత్రికి పామూరు చేరాం. దాని గురించి చెప్పడానికి ఏసీ పనిచేసిందన్నది తప్ప ఏమీ లేదు, ఆ ఒక్కటీ చాలా పెద్ద విషయం.

మే 17, శనివారం: చీమకుర్తి, ఒంగోలు

కనిగిరి, పొదిలి దాటి చీమకుర్తి దగ్గరపడుతుంటే ముందు లారీలు, తర్వాత దుమ్ము. బ్లాక్ గెలాక్సీ గ్రానైటు ఇక్కడిదే. నల్లరాయిలో బంగారు నలకలు. క్వారీ లోపలికి పోనివ్వరు, గేటు దగ్గరే వాచ్‌మన్ దణ్ణం పెట్టి పంపేశాడు. మా షాపులో ఎప్పుడో ఓపెనింగ్ ఫ్లెక్సీ వేయించుకున్నతను గుర్తొచ్చి ఫోన్ చేస్తే, తన చిన్న పాలిష్ యూనిట్ చూపించాడు. యార్డులో వరసగా రాతి దిమ్మెలు, బూడిద రంగులో, గోడకి కూడా పనికిరానట్టున్నాయి. "ఇదేనా?" అంది అక్క. అక్కడ పనిచేసే కుర్రాడు ఒక మగ్గు నీళ్లు తెచ్చి దిమ్మె మీద కుమ్మరించాడు. తడిసినంత మేర నల్లబడి, లోపల చుక్కలు లేచాయి. అరనిమిషం. ఎండకి నీళ్లు ఆరిపోతుంటే చుక్కలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. "మళ్లీ పోయండన్నా" అని పాప మూడుసార్లు పోయించింది. ఆ చుక్కలు బంగారం కాదు, బ్రాంజైట్ అనే ఖనిజం. పాలిష్ అంటే ఆ తడి ఎప్పటికీ ఆరకుండా చేయడమేనని ఆ కుర్రాడు చెప్పాడు. నాలుగు రోజుల్లో అంతకన్నా మంచి మాట మాకెవరూ చెప్పలేదు. అరచెయ్యంత పగిలిన ముక్క ఊరికే ఇచ్చాడు. ఒక వైపు అద్దం, ఇంకో వైపు రంపం గీతలు.

ఒంగోలులో ముందు మైసూర్‌పాక్ తిన్నాం, వేడి మీద, పావుకిలో ముగ్గురికీ చాల్లేదు. స్వీటు కొట్టు ఎదురుగా ఒక స్కూల్లో వేసవి డ్రాయింగ్ క్యాంపు పిల్లల బొమ్మలు పెట్టారని కాగితం అంటించి ఉంది. టికెట్టు లేదు. హాల్లో అటూ ఇటూ తాడు కట్టి, బట్టల క్లిప్పులతో బొమ్మలు తగిలించారు. ఫ్యాను వేస్తే అన్నీ ఎగురుతాయని ఫ్యాన్లు ఆపేశారు. చెమటలు కారుతున్నాయి.

సగం బొమ్మలు మనమందరం వేసినవే: రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఇల్లు, కొబ్బరి చెట్టు, నాలుగు అంకె లాంటి కాకులు. మిగతా సగం సినిమా హీరోలు. ఊరు ఒంగోలు కాబట్టి గిత్తలూ ఉన్నాయి, పక్క నుంచి, మూపురం ఎత్తుగా, బొమ్మల్లో ఎప్పుడూ వేసే భంగిమలోనే. ఒక్క కాగితం మీద మాత్రం రెండు తోకలు, రెండు పిర్రలు, పైన మూపురాల కొసలు, వాటి మధ్యలోంచి దూరంగా సన్నటి రోడ్డు. అంతే. తలల్లేవు. కింద పేరు, ఐదో తరగతి.

ఆ పిల్లాడు అక్కడే ఉన్నాడు, వాళ్లమ్మ పక్కన, కొంచెం భయంగా. పాప కిందికి కూర్చుని, వెనక నుంచి ఎందుకు వేశావని అడిగింది.

"బండిలో కూర్చుంటే ఇట్టాగే గదక్కా కనపడేది."

బహుమతి రాలేదట ఆ బొమ్మకి. పాప దాని ముందు పది నిమిషాలు నిలబడింది, ఫోటో తీసుకుంది, మళ్లీ వచ్చి నిలబడింది. మద్రాసు మాట ఆ తర్వాత ఎత్తలేదు. నేను మాత్రం ఎగ్మోర్‌లో ఆ బాలకృష్ణుణ్ణి చూడాలి, చలికాలంలో.

రాత్రి పదకొండుకి ఇల్లు చేరాం. పెట్రోలు, తిండి, లాడ్జీలు కలిపి తొమ్మిది వేల చిల్లర, అక్క చీర కాకుండా. ఉదయగిరి గరిటె పెట్టడానికి వంటింట్లోకి పోయి లైటు వేశా. మా వంటగట్టు కూడా బ్లాక్ గెలాక్సీయే, ఇల్లు కట్టినప్పుడు వేయించింది, పన్నెండేళ్లయింది. గ్రైండరు కిందా పోపుల డబ్బా పక్కనా తడిగుడ్డతో తుడిచి చూశా. ఉన్నాయి చుక్కలు. తర్వాత వంగి, గట్టు అడుగుకి చెయ్యి పెట్టి తడిమా. గరుకు, రంపం గీతలు వరసగా తగులుతున్నాయి.

మా ఆవిడ గుమ్మంలోంచి, "ఏంది, బొద్దింకా?" అంది.